గ్రంథాలయ కొనుగోళ్లలో ఆన్‌లైన్ చెల్లింపు ఖాతాల నిర్వహణ

ఉపోద్ఘాతము

ఇరవై, ముప్పై సంవత్సరముల క్రితము సెమినరీ గ్రంథాలయమునకు ఒక పుస్తకము కొనుట నలుగురి చేతుల మీదుగా జరిగే పని. అధ్యాపకుడు పుస్తకము పేరు వ్రాసి ఇచ్చేవాడు. లైబ్రేరియన్ దానిని కేటలాగులో సరిచూసి ఉత్తరము పంపేవాడు. చెక్కు మీద ప్రిన్సిపాల్, కోశాధికారి ఇద్దరూ సంతకము చేసేవారు. డిమాండ్ డ్రాఫ్టు కావలసివస్తే ఆఫీసు గుమాస్తా బ్యాంకుకు వెళ్ళేవాడు. పార్సెలు వచ్చిన తరువాత మరొకరు దానిని విప్పి, బిల్లుతో సరిచూసి, ఆక్సెషన్ రిజిస్టరులో ఎక్కించేవారు. పని ఆలస్యమయ్యేది, నిజమే. గాని ఆ ఆలస్యములోనే ఒక కాపుదల ఉండేది. ఎవరూ ప్రత్యేకముగా నియమము పెట్టకపోయినా, ఒకరు చేసినదానిని మరొకరు చూసేవారు.

నేడు ఆ పనులన్నీ ఒకే వ్యక్తి, ఒకే ఫోనులో, ఐదు నిమిషములలో ముగించగలడు. పుస్తకమును వెదకువాడు, ఆర్డరు పెట్టువాడు, సొమ్ము చెల్లించువాడు, పార్సెలు అందుకొనువాడు ఒక్కడే. చెక్కు మీది రెండు సంతకముల స్థానములో ఒక్క ఓటీపీ వచ్చి కూర్చున్నది. ఆన్‌లైన్ కొనుగోలు వద్దని చెప్పుట ఈ వ్యాసము ఉద్దేశము కాదు. ముద్రణ ఆగిపోయిన వ్యాఖ్యాన గ్రంథములు, పాత హీబ్రూ, గ్రీకు వ్యాకరణములు ఈనాడు మనకు దొరుకుచున్నవంటే అది దాని వలననే. అయితే పోయిన ఆ రెండవ సంతకమును కొత్త పద్ధతిలో మరల ఎట్లు నిలుపుకొనవలెనో విచారించుట అవసరము.

1. మూడు రకముల ఖాతాలు

"ఆన్‌లైన్ ఖాతా" అని మనము ఒకే మాటతో పిలిచేది నిజానికి మూడు వేర్వేరు ఖాతాలు. వీటిని వేరుపరచి చూడనిదే నిర్వహణ సాధ్యము కాదు.

మొదటిది అంగడి ఖాతా. అమెజాన్, ఏబుక్స్ వంటి వెబ్‌సైట్లలో మన చిరునామా, ఆర్డర్లు, బిల్లులు ఉండే ఖాతా ఇది. ఏబుక్స్ కెనడా దేశములో పాత పుస్తకముల విక్రేతల కొరకు 1990లలో ఆరంభమై, 2008లో అమెజాన్ చేతికి వచ్చినది. పాత వేదాంత గ్రంథములు వెదకువారికి ఇది బాగా తెలిసిన చోటు.

రెండవది చెల్లింపు ఖాతా. పేపాల్ దీనికి ఉదాహరణము. మన కార్డు సంఖ్య అమ్మకందారునికి తెలియకుండా మధ్యలో నిలబడి సొమ్ము చేర్చుట దీని పని. ఈ సంస్థను 2002లో ఈబే కొన్నది. 2015లో మరల వేరుపడినది.

మూడవది బ్యాంకు ఖాతా, దానికి అనుబంధమైన కార్డు లేక యూపీఐ. సొమ్ము నిజముగా కదిలేది ఇక్కడనే. మొదటి రెండింటిలో జరిగిన ప్రతిదానికీ మూడవదానిలో ఒక జాడ ఉండవలెను. ఆ జాడలను జతపరచుటయే నిర్వహణలోని సారము.

2. ఖాతా ఎవరి పేరున ఉండవలెను?

అనేక చోట్ల జరుగుచున్నది ఇది: లైబ్రేరియన్ తన సొంత ఈమెయిలుతో ఖాతా తెరచి, తన సొంత కార్డుతో కొని, తరువాత బిల్లు చూపి సొమ్ము తీసుకొనును. తన జేబులోని డబ్బు ముందు పెట్టి సంస్థ పని జరిపించుచున్నాడు గనుక ఇది సేవాభావమే. అయినను దీనిలో మూడు చిక్కులు కలవు.

ఒకటి, ఆ వ్యక్తి బదిలీ అయినా, పదవీ విరమణ చేసినా, అకస్మాత్తుగా మరణించినా ఖాతా ఆయనతోనే పోవును. పది సంవత్సరముల ఆర్డర్లు, బిల్లులు, దారిలో ఉన్న పార్సెళ్ళ వివరములు ఒకరి ఇంటిలోని ఫోనులో చిక్కుకొనును. దుఃఖములో ఉన్న కుటుంబమును పాస్‌వర్డు అడుగవలసిన స్థితి ఎవరికీ రాకూడదు.

రెండు, సొంత కొనుగోళ్లు, సంస్థ కొనుగోళ్లు ఒకే జాబితాలో కలిసిపోవును. ఆడిటరు ప్రశ్న వేసిన దినమున, నిజాయితీగల మనిషి కూడా తన ఇంటి సామానుల పట్టీని అందరి యెదుట పరచవలసివచ్చును.

మూడవది ఎలక్ట్రానిక్ పుస్తకములకు సంబంధించినది. ముద్రిత గ్రంథము ఎవరి సొమ్ముతో కొన్నా బీరువాలో ఉన్నంతకాలము అది గ్రంథాలయమునదే. ఎలక్ట్రానిక్ పుస్తకము విషయము వేరు. అక్కడ మనము సాధారణముగా కొనేది పుస్తకమును కాదు, చదువుకొనుటకు అనుమతిని మాత్రమే. ఆ అనుమతి ఖాతా గల వ్యక్తికి చెందును. 2009 జూలైలో అమెజాన్ సంస్థ, హక్కులు లేని వ్యక్తి అమ్మిన జార్జ్ ఆర్వెల్ నవలలను పాఠకుల కిండిల్ యంత్రములలో నుండి తానే తొలగించి సొమ్ము తిరిగి ఇచ్చినది. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఎలక్ట్రానిక్ పుస్తకముల అంగడిని మూసివేసినప్పుడు, అక్కడ కొన్న పుస్తకములు పాఠకులకు అందకుండా పోయినవి; సొమ్ము మాత్రము వాపసు చేసినారు. ఆ సొమ్ము ఎవరి ఖాతాకు చేరునో ఆలోచించినచో, ఖాతా పేరు ఎంత ముఖ్యమో అర్థమగును. వ్యక్తిగత వాడుకకు ఇచ్చిన పుస్తకమును గ్రంథాలయములో పలువురికి చదువ ఇచ్చుట సాధారణముగా ఆ ఒప్పందమునకు విరుద్ధమని కూడ గమనించవలెను. గ్రంథాలయముల కొరకు వేరుగా ఉన్న ఒప్పందములనే అడిగి తీసుకొనవలెను.

కాబట్టి మొదటి నియమము: ఖాతా పదవిదే గాని మనిషిది కాదు. గ్రంథాలయము పేరుతో ఒక ఈమెయిలు, కళాశాల పేరున తీసుకొన్న ఒక మొబైల్ నంబరు ఉండవలెను. అంగడి ఖాతా, చెల్లింపు ఖాతా ఈ రెండింటి మీదనే తెరువవలెను. పాస్‌వర్డును కవరులో ముద్రవేసి ప్రిన్సిపాల్ గారి బీరువాలో ఉంచవచ్చును. బాధ్యత చేతులు మారిన దినముననే పాస్‌వర్డు మార్చి, అప్పగింత పత్రములో తాళపుచెవులతో పాటు ఈ ఖాతాల పేర్లు కూడ వ్రాయవలెను.

3. రెండవ సంతకము

కోరువాడు, చెల్లించువాడు, అందుకొనువాడు వేర్వేరుగా ఉండుట లెక్కల శాస్త్రములో పాత సూత్రము. ఆన్‌లైన్ పద్ధతిలో దీనిని ఇట్లు అమలుపరచవచ్చును.

లైబ్రేరియన్ పుస్తకములను ఎంచి అంగడి ఖాతాలోని బుట్టలో వేసి, ఆ పట్టీని ముద్రించి ప్రిన్సిపాల్ లేక గ్రంథాలయ కమిటీ సంతకమునకు పంపును. ఆమోదము వచ్చిన పిమ్మట కోశాధికారి ఆఫీసులో సొమ్ము చెల్లింపు జరుగును. ఓటీపీ వచ్చే ఫోను కోశాధికారి వద్దనే ఉండవలెను. అప్పుడు ఎంచినవాడు చెల్లించలేడు, చెల్లించువాడు ఎంచలేడు. సంస్థల కొరకు బ్యాంకులు ఇచ్చే నెట్ బ్యాంకింగ్‌లో ఒకరు చెల్లింపును తయారుచేయుట, మరొకరు ఆమోదించుట అనే ఏర్పాటు ఉండును. దీనిని మేకర్, చెకర్ పద్ధతి అందురు. చెక్కు మీది రెండు సంతకములకు ఇది సరియైన ప్రతిరూపము. బ్యాంకు మేనేజరును అడిగి వ్రాతపూర్వకముగా దరఖాస్తు చేయవలెను; పాలక మండలి తీర్మానము నకలు జతపరచవలసియుండును.

కార్డు తప్పనిసరియైనచోట, కళాశాల ప్రధాన ఖాతాకు చెందిన కార్డును వాడకూడదు. కొనుగోళ్లకు వేరొక చిన్న ఖాతా తెరచి, ఆ నెలకు ఆమోదించిన మొత్తము మాత్రమే దానిలో వేసి, ఆ ఖాతా కార్డును వాడుట క్షేమము. దొంగ చేయి పెట్టినను ఆ నెల పుస్తకముల సొమ్మే పోవును గాని సిబ్బంది జీతములు పోవు.

ఇదంతయు లైబ్రేరియన్ మీద అనుమానము కాదా అని కొందరు అడుగవచ్చును. యెరూషలేములోని పరిశుద్ధుల కొరకు పోగుచేసిన చందా విషయములో పౌలు తీతును ఒంటరిగా పంపలేదు. సంఘములు ఏర్పరచిన మరియొక సహోదరుని అతనితో కూడ పంపిన సంగతి రెండవ కొరింథీ పత్రిక 8వ అధ్యాయములో మనము చదువుదుము. తీతు మీద అనుమానము వలన కాదు, ఎవరికినీ నింద మోపుటకు తావు ఉండకూడదని. రెండవ సంతకము మొదటి సంతకము చేసినవానికి రక్షణ.

4. విదేశీ కొనుగోళ్లు

మన దేశములో ఈ విషయమై రిజర్వు బ్యాంకు నియమములు పలుమార్లు మారినవి. 2009 ఆగస్టు 1 నుండి దేశములోని ఆన్‌లైన్ కార్డు చెల్లింపులకు రెండవ ధ్రువీకరణ తప్పనిసరి అయినది. మనకు ఓటీపీ అలవాటైనది ఆ విధముగానే. 2011లో వచ్చిన నియమముల ప్రకారము భారతీయ పేపాల్ ఖాతాలో చేరిన సొమ్మును అక్కడే నిలువ ఉంచి కొనుగోళ్లకు వాడుటకు వీలులేకుండెను. కొనదలచినవారు కార్డుతోనే చెల్లింపవలసివచ్చినది. 2021 ఏప్రిల్ 1 నుండి పేపాల్ మన దేశములో దేశీయ చెల్లింపుల సేవను విరమించుకొన్నది. కాబట్టి మనకు అది విదేశీ విక్రేతల వద్ద కొనుటకే ఉపయోగము.

2020లో వచ్చిన మరియొక నియమము వలన కొత్త కార్డులు దేశములోని ఏటీఎములకు, అంగళ్లలోని యంత్రములకు మాత్రమే పనిచేయును. ఆన్‌లైన్, విదేశీ వాడుకలను మనమే తెరువవలెను. కొందరు దీనిని ఆటంకముగా భావించుచున్నారు. నిజానికి ఇది మంచి తాళము. విదేశీ ఆర్డరు పెట్టే గంటలో విదేశీ వాడుకను తెరచి, పని అయిన వెంటనే మూసివేయవచ్చును. అనేక విదేశీ వెబ్‌సైట్లలో ఓటీపీ అడుగకుండానే చెల్లింపు జరిగిపోవచ్చును గనుక ఈ తాళము మరింత అవసరము. అదే కారణముచేత అటువంటి చోట్ల కార్డు సంఖ్యను భద్రపరచి ఉంచకూడదు.

ధర విషయములో ఒక లెక్క చూతము. పుస్తకము 40 డాలర్లు, తపాలా ఖర్చు 20 డాలర్లు, డాలరుకు 85 రూపాయలు అనుకొందము. మొత్తము 5,100 రూపాయలు. విదేశీ వాడుకపై బ్యాంకు 3.5 శాతము తీసుకొన్నచో 178 రూపాయల 50 పైసలు. ఆ రుసుముపై 18 శాతము జీఎస్టీ 32 రూపాయల 13 పైసలు. మన ఖాతాలో నుండి పోయేది 5,310 రూపాయల 63 పైసలు. బిల్లులో మాత్రము 60 డాలర్లు అనే ఉండును. ఈ తేడాను వోచరు మీద విడదీసి వ్రాయకపోయినచో, సంవత్సరాంతమున బిల్లుల మొత్తము, బ్యాంకు మొత్తము కలియవు. కలియనిచోట అనుమానము మొలచును. 2019 జూలై బడ్జెట్టులో దిగుమతి పుస్తకములపై 5 శాతము కస్టమ్స్ సుంకము విధించిన సంగతిని కూడ అంచనాలో ఉంచుకొనవలెను.

ముద్రణలో ఉన్న పుస్తకములను దేశములోని దిగుమతిదారుల ద్వారానే తెప్పించుట తరచుగా మేలు. గుడ్ ఆఫీసెస్ కమిటీ ప్రకటించే మారకపు రేట్ల ఆధారముగా రూపాయలలో బిల్లు తీసుకొనుట గ్రంథాలయములలో చిరకాలపు ఆచారము. పుస్తకము చేతికి వచ్చిన తరువాతనే సొమ్ము చెల్లించే వీలు అక్కడ ఉండును. ఆన్‌లైన్ ఖాతాను వేరే దారిలేని పుస్తకములకు ఉంచుకొందము.

5. విదేశీ స్నేహితుల కానుకలు

ఇది అన్నింటికంటె జాగ్రత్త వహింపవలసిన భాగము. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న స్నేహితుడు "మీ గ్రంథాలయమునకు రెండు వందల డాలర్లు పంపుదును, మీ ఖాతా చెప్పండి" అని అడిగినప్పుడు, లైబ్రేరియన్ గాని పాస్టరు గాని తన సొంత ఖాతా ఇచ్చుట సహజముగా జరిగే పని. చట్టము దృష్టిలో ఇది చిన్న విషయము కాదు. 2010 నాటి విదేశీ విరాళముల నియంత్రణ చట్టము ప్రకారము, రిజిస్ట్రేషన్ లేక ముందస్తు అనుమతి లేనిదే సంస్థ విదేశీ విరాళము తీసుకొనరాదు. 2020 సవరణ తరువాత ఆ సొమ్ము మొదట న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరచిన నిర్ణీత ఖాతాకే రావలెను. స్థానిక విరాళములతో దానిని కలుపరాదు. ఒకసారి తీసుకొన్న విదేశీ విరాళమును మరియొక సంస్థకు బదిలీ చేయరాదు.

విదేశములోని తెలుగు విశ్వాసుల విషయములో ఒక భేదము కలదు. భారత పాస్‌పోర్టు గల వ్యక్తి విదేశములో ఉద్యోగము చేయుచు తన సొంత సంపాదనలో నుండి బ్యాంకు ద్వారా పంపినచో అది విదేశీ విరాళముగా లెక్కింపబడదు. అదే వ్యక్తి ఆ దేశ పౌరసత్వము తీసుకొన్న తరువాత, ఓసీఐ కార్డు ఉన్నప్పటికిని, అది విదేశీ విరాళమే. కాబట్టి రసీదు వ్రాయకముందే పౌరసత్వము అడిగి తెలిసికొని, పాస్‌పోర్టు నకలు దాఖలాలో ఉంచవలెను. అడుగుటకు మొహమాటపడనక్కరలేదు. సంగతి వివరించినచో ఇచ్చువారు కూడ సంతోషింతురు.

సొమ్ము పంపక, స్నేహితుడే అక్కడ చెల్లించి పుస్తకములను మన కళాశాలకు పంపించినను, చట్టము వస్తువులను కూడ విరాళముగానే పరిగణించును. రిజిస్ట్రేషన్ గల సంస్థ ఆ పుస్తకముల విలువను ఆ సంవత్సరపు నివేదికలో చూపవలెను. ఒక పెట్టె పుస్తకముల కొరకు సంస్థ రిజిస్ట్రేషనునే అపాయములో పెట్టుట జ్ఞానము కాదు. అనుమానమున్నచోట చార్టర్డ్ అకౌంటెంటును ముందుగా అడుగవలెను.

6. దాఖలాలు

ప్రతి ఆన్‌లైన్ కొనుగోలుకు ఒక వోచరు, దానికి ఐదు కాగితములు ఉండవలెను: ఆమోదించిన పట్టీ, ఆర్డరు ధ్రువీకరణ, సంస్థ పేరున ఉన్న బిల్లు, బ్యాంకు స్టేట్‌మెంటులోని ఆ వరుస, ఆక్సెషన్ సంఖ్య. అయిదవది చాలామంది మరచుదురు. బిల్లు మీద ఆక్సెషన్ సంఖ్య, రిజిస్టరులో బిల్లు సంఖ్య వ్రాసినచో, సొమ్ము నుండి పుస్తకమునకు, పుస్తకము నుండి సొమ్మునకు రెండు వైపులనుండి దారి తెరచి ఉండును. వెబ్‌సైటులోని పాత బిల్లులు ఎల్లకాలము దొరుకునని నమ్మరాదు. కొన్న దినముననే ముద్రించి ఉంచవలెను.

వాపసు వచ్చిన సొమ్ము మరియొక మెలిక. పుస్తకము దొరకలేదని విక్రేత సొమ్ము తిరిగి పంపినప్పుడు అది కొన్ని వారముల తరువాత, కొంత తేడాతో, కార్డు ఖాతాలో పడును. కొన్ని వెబ్‌సైట్లు దానిని తమ సొంత వాలెట్‌లోనే ఉంచును. అక్కడ మిగిలిన సొమ్ము కూడ కళాశాల సొమ్మే. నెలకొకసారి కోశాధికారి, లైబ్రేరియన్ కలిసి కూర్చుండి ఆర్డర్ల జాబితాను, బ్యాంకు స్టేట్‌మెంటును పక్కపక్కన పెట్టి చూచుకొనవలెను.

పత్రికలకు, డేటాబేసులకు సంవత్సర చందా తనంతట తానే కట్టుబడే ఏర్పాటును ఆలోచించి ఒప్పుకొనవలెను. 2021 అక్టోబరు నుండి ఇటువంటి చెల్లింపులకు కనీసము 24 గంటల ముందు బ్యాంకు తెలియజేయవలెనని నియమము. 2022 జూన్‌లో ఓటీపీ అక్కరలేని పరిమితిని 15,000 రూపాయలకు పెంచినారు. ఆ ముందస్తు సందేశము ఎవరూ చూడని ఫోనుకు వచ్చినచో, ఎవరూ చదువని పత్రికకు ఏటేటా సొమ్ము పోవుచునే ఉండును.

7. మోసముల నుండి కాపుదల

"మీ ఖాతా నిలిపివేయబడినది, ఇక్కడ నొక్కండి" అని వచ్చే ఈమెయిలు ద్వారా ఖాతాలోకి ఎన్నడును ప్రవేశించరాదు. వెబ్‌సైటు చిరునామాను మనమే టైపు చేయవలెను. వాపసు ఇచ్చెదమని చెప్పి యూపీఐ పిన్ కొట్టమనువాడు దొంగ. సొమ్ము తీసుకొనుటకు పిన్ అవసరము లేదు. అరుదైన పుస్తకమును చూపి, వెబ్‌సైటు బయట నేరుగా తన ఖాతాకు పంపితే తగ్గింపు ఇత్తునను విక్రేతను నమ్మరాదు. బయట చెల్లించిన సొమ్ముకు వెబ్‌సైటు పూచీ ఉండదు. పేపాల్ ద్వారా చెల్లించి పుస్తకము రాకపోయినచో 180 దినములలోగా ఫిర్యాదు చేయవచ్చును. ఓడ తపాలాలో నెమ్మదిగా వచ్చే పార్సెళ్ళ విషయములో ఈ గడువు దాటిపోకుండ తేదీ వ్రాసి పెట్టుకొనవలెను.

ఎరుగని చెల్లింపు కనబడినచో ఆ గంటలోనే బ్యాంకుకు తెలుపవలెను. రిజర్వు బ్యాంకు 2017 జూలైలో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారము, మన తప్పు లేకుండ మూడవ వ్యక్తి వలన జరిగిన మోసమును మూడు పనిదినములలోగా తెలిపినచో ఖాతాదారునికి నష్టము ఉండదు. పాస్‌వర్డు గాని ఓటీపీ గాని మనమే చెప్పియుంటే, బ్యాంకుకు తెలిపేవరకు జరిగిన నష్టము మనదే. 1930 అను నంబరుకు ఫోను చేసి కూడ ఫిర్యాదు నమోదు చేయవచ్చును.

ముగింపు

చిన్న బైబిలు పాఠశాలలకు, సంఘ గ్రంథాలయములకు ఇంత ఏర్పాటు సాధ్యమా అను ప్రశ్న కలదు. అన్నియు సాధ్యము కాకపోవచ్చును. ఈ నాలుగు మాత్రము ఎక్కడైనను సాధ్యమే: సంస్థ పేరున ఒక ఈమెయిలు, కొనుగోళ్లకు వేరుగా ఒక చిన్న బ్యాంకు ఖాతా, ఎంచువాడు ఒకడు చెల్లించువాడు మరియొకడు, బిల్లు మీద ఆక్సెషన్ సంఖ్య. వీటికి ప్రత్యేకముగా ఖర్చు లేదు. ఒక నోటుబుక్కు, నెలకొక గంట చాలును.

గ్రంథాలయమునకు ఇచ్చువారిలో పెద్ద దాతలు కొద్దిమందే. పట్టభద్రుడైన పాత విద్యార్థి తన మొదటి జీతములో నుండి పంపిన వెయ్యి రూపాయలు, పల్లె సంఘములోని స్త్రీల సమాజము పోగుచేసిన పిడికెడు బియ్యము సొమ్ము కూడ ఆ ఖాతాలోనే చేరును. వారు తమ సొమ్ముతో కొన్న పుస్తకమును ఎన్నడును చూడకపోవచ్చును. అయితే ఒకనాడు వచ్చి అడిగినచో, ఫలానా బీరువాలో ఫలానా సంఖ్య గల పుస్తకము మీదే అని మనము తీసి చూపగలిగియుండవలెను.